చూరు ఎంత ముందుకుంది? తుంటి ఎక్స్‌రే అంకెను ఎంతవరకు నమ్మాలి

ఒంట్లో బాగోలేదంటే మనకు ముందుగా కావలసింది ఒక అంకె. జ్వరమెంత, బీపీ ఎంత, షుగరెంత అని అడుగుతాం. షుగరు మిషను పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చూపిస్తే పెద్దగా కంగారుపడం. 'రేపు మళ్లీ చూద్దాంలే' అనుకుంటాం. ఎక్స్‌రే రిపోర్టు మీద టైపు చేసిన అంకె దగ్గర మాత్రం ఆ ధైర్యం ఉండదు. 'తుంటి కోణం 23 డిగ్రీలు' అని రాసి ఉంటే అది శిలాశాసనమే. ఎముక పూటకోరకంగా మారదు కదా, ఫొటో అబద్ధం చెప్పదు కదా అనుకుంటాం.

ఎముక మారదన్నది నిజమే. కానీ దాన్ని కొలవడానికి గీసే గీత మారుతుంది. ఎక్స్‌రే తీసేటప్పుడు మనిషి ఎలా పడుకున్నాడు, గీత గీసినవారు ఎక్కడినుంచి ఎక్కడికి గీశారు అన్నదాన్ని బట్టి అదే 23 ఒకచోట 20 కావచ్చు, ఇంకోచోట 27 కావచ్చు. 20 అయితే ఆపరేషన్ మాట వినిపిస్తుంది. 27 అయితే 'కీలు బాగానే ఉంది, వ్యాయామం చెయ్యండి' అని పంపించేస్తారు. నాలుగు డిగ్రీలు అటయినా ఇటయినా ఒక ఇంటి నిర్ణయమే మారిపోతుందన్నమాట. అందుకే ఈ అంకె ఎలా పుడుతుందో తెలుసుకోవడం మంచిది.

గిన్నె, బంతి, చూరు

తుంటి కీలు కట్టుబడి చాలా తేలిక. తొడ ఎముక పైకొస బంతిలా గుండ్రంగా ఉంటుంది. నడుము కింద ఉండే కటి ఎముకలో దానికి సరిపోయే గిన్నె ఉంటుంది. బంతి ఆ గిన్నెలో తిరుగుతుంది కాబట్టే మనం నడుస్తాం, మెట్లెక్కుతాం, బాసింపట్టు వేసుకుని కూర్చుంటాం.

ఆ గిన్నె పైఅంచు బంతి మీదికి కొంత ముందుకు వచ్చి ఉండాలి. పాతకాలపు పెంకుటింటి చూరును గుర్తుచేసుకోండి. చూరు బాగా ముందుకుంటే అరుగు తడవదు. పొట్టిగా ఉంటే జల్లు కొట్టినప్పుడల్లా అరుగు నానుతుంది, నాలుగేళ్లకు పెచ్చులూడుతుంది. తుంటిలోనూ అంతే. గిన్నె చూరు చాలినంత ఉంటే ఒంటి బరువు బంతి మీద విశాలంగా పరుచుకుంటుంది. చూరు పొట్టిదైతే బరువంతా కొద్దిపాటి జాగా మీదే పడుతుంది. అక్కడి మృదులాస్థి త్వరగా అరుగుతుంది, గిన్నె అంచున ఉండే మెత్తటి పట్టీ చిరుగుతుంది. అరవై దాటాక రావలసిన కీళ్ల అరుగుదల ముప్ఫై, నలభై ఏళ్లకే వచ్చి కూర్చుంటుంది.

గిన్నె ఇలా లోతు లేకుండా, చూరు పొట్టిగా తయారవడాన్ని డాక్టర్లు హిప్ డిస్‌ప్లేసియా అంటారు. ఆడపిల్లల్లో ఇది ఎక్కువ. కడుపులో ఎదురుకాళ్లతో ఉన్న పిల్లల్లో, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఉన్నవాళ్లలో ఎక్కువ. కొందరికి పసితనంలోనే తెలుస్తుంది. కొందరికి ఇరవైలు దాటాక గజ్జల్లో నొప్పి మొదలై, ఎక్స్‌రే తీయిస్తే అప్పుడు బయటపడుతుంది. చూరు ఎంత ఉందో తేల్చడానికి ఎక్స్‌రే మీద కోణం కొలుస్తారు.

స్వీడన్ డాక్టరు ఇచ్చిన కొలబద్ద

ప్రపంచమంతా ఇప్పటికీ వాడే కొలతను స్వీడన్‌కు చెందిన గున్నార్ విబెర్గ్ అనే ఎముకల డాక్టరు 1939లో ప్రచురించారు. పద్ధతి ఇది. ఎక్స్‌రే మీద బంతి కేంద్రం ఎక్కడో గుర్తించాలి. అక్కడినుంచి నిట్టనిలువుగా పైకి ఒక గీత గీయాలి. అదే కేంద్రం నుంచి గిన్నె పైఅంచు బయటి కొసకు ఇంకో గీత గీయాలి. ఈ రెండు గీతల మధ్య కోణమే చూరు కొలత. కోణం ఎక్కువైతే చూరు ఎక్కువ, తక్కువైతే చూరు తక్కువ.

25 డిగ్రీలు దాటితే మామూలే అన్నారు విబెర్గ్. 20కి లోపైతే లోపం ఉన్నట్టే. మరి 20కీ 25కీ మధ్య? అక్కడ ఇదమిత్థంగా చెప్పలేం అన్నారు. కొలబద్ద ఇచ్చినాయనే దాని మధ్యలో అయిదు డిగ్రీల అనుమానపు జాగా వదిలిపెట్టారు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎందుకంటే ఆ తర్వాత వచ్చిన చాలా రిపోర్టుల్లో అంకె మాత్రమే మిగిలింది, ఆ అనుమానం జారిపోయింది.

ఇదొక్కటే కొలత కాదు. గిన్నె పైకప్పు ఎంత వాలుగా ఉందో చెప్పే కోణానికి జర్మనీ డాక్టరు టోనిస్ పేరు ఉంది. అది 10 డిగ్రీలు దాటితే వాలు ఎక్కువని అర్థం. గిన్నె మొత్తం ఎంత నిటారుగా ఉందో చెప్పే కోణాన్ని 1961లో షార్ప్ అనే డాక్టరు ప్రచురించారు. ముందువైపు చూరును చూడటానికి మనిషిని కొంచెం పక్కకు తిప్పి నిలబెట్టి తీసే ఎక్స్‌రే కూడా 1961లోనే ఫ్రాన్స్ నుంచి వచ్చింది. మంచి డాక్టరు వీటిలో ఒక్కదాన్నే పట్టుకుని వేలాడరు, కలిపి చూస్తారు.

మిల్లీమీటరుకు రెండు డిగ్రీలు

చేతి కొలత ఎంత జారగలదో తెలుసుకోవడానికి పదో తరగతి లెక్క చాలు. పెద్దవాళ్లలో బంతి కేంద్రం నుంచి గిన్నె అంచుకు దూరం దాదాపు 28 మిల్లీమీటర్లు అనుకుందాం. 28 మిల్లీమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే చుట్టుకొలత సుమారు 176 మిల్లీమీటర్లు. వృత్తంలో 360 డిగ్రీలు. 360ని 176తో భాగిస్తే రెండు కంటే కాస్త ఎక్కువ వస్తుంది.

అంటే గిన్నె అంచు ఇదీ అని పెట్టిన చుక్క ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే కోణం రెండు డిగ్రీలు మారుతుంది. రెండు మిల్లీమీటర్లు జరిగితే నాలుగు డిగ్రీలు. రెండు మిల్లీమీటర్లంటే బియ్యపు గింజ మందం. 25 ఉన్న కోణం 21 కావడానికీ, 21 ఉన్నది 25 కావడానికీ అంతే చాలు.

అంచు ఎక్కడుందో కళ్లకు కనిపిస్తుంది కదా, చుక్క ఎందుకు జరుగుతుందని అడగొచ్చు. చిక్కంతా అక్కడే ఉంది. గిన్నె పైభాగంలో బరువు మోసే చోట ఎముక దట్టంగా ఉంటుంది. ఎక్స్‌రేలో అది తెల్లగా, విల్లులా కనిపిస్తుంది. ఫ్రెంచి భాషలో కనుబొమ అని దానికి పేరు. ఆ తెల్లటి కనుబొమ ఎక్కడ ముగిసిందో అక్కడ చుక్క పెట్టాలని కొందరు అంటారు. బరువు మోసేది అదే కాబట్టి అసలు చూరు అదే అని వాళ్ల వాదన. ఇంకొందరు ఎముక అంచు ఎంతవరకు కనిపిస్తే అంతవరకు పోతారు. చాలామందిలో ఎముక కొస కనుబొమ దాటి ఇంకాస్త బయటికి ఉంటుంది. అలాంటి చోట రెండో పద్ధతిలో కోణం కొన్ని డిగ్రీలు ఎక్కువగా వస్తుంది. ఇద్దరూ తప్పు చేయలేదు. ఇద్దరూ కొలిచింది రెండు వేరువేరు వస్తువులను. రిపోర్టులో మాత్రం రెండింటికీ ఒకటే పేరు.

బంతి కేంద్రం విషయమూ అంతే. బంతి చక్కగా గుండ్రంగా ఉంటే వృత్తం గీసి కేంద్రం పట్టుకోవచ్చు. చిన్నప్పుడు జబ్బు చేసి బంతి చదునుబడిన వాళ్లలో, అరుగుదల మొదలైన వాళ్లలో ఏ వృత్తమూ సరిగ్గా కూర్చోదు. అక్కడ కేంద్రం ఎక్కడన్నది కొలిచేవారి అంచనాయే.

పడుకున్న తీరు

ఇదంతా గీత గీసేవారి సంగతి. అంతకన్నా ముందు, ఎక్స్‌రే గదిలో జరిగేది ఒకటుంది.

టేబుల్ మీద పడుకున్న మనిషి కాస్త ఒక పక్కకు ఒరిగితే కటి మూడు డిగ్రీలు వంగిందనుకుందాం. కొలిచేవారు నిలువు గీతను ఫిల్ము అంచును బట్టి గీస్తే ఏమవుతుంది? ఒక తుంటికి మూడు డిగ్రీలు కలుస్తాయి, రెండోదానికి మూడు తగ్గుతాయి. నిజానికి రెండు వైపులా 24 ఉన్న మనిషికి ఒకవైపు 27, ఇంకోవైపు 21 వస్తాయి. ఒక కాలు మంచిది, ఇంకో కాలు చెడ్డది అని రిపోర్టు వచ్చేస్తుంది. దీనికి విరుగుడు తెలిసినదే. కుడి ఎడమ తుంటుల్లో ఒకేచోట ఉండే రెండు గుర్తులను కలుపుతూ అడ్డగీత గీసి, దానికి లంబంగా నిలువు గీత గీయాలి. అప్పుడు ఒరిగిన మనిషితో పాటు గీత కూడా ఒరుగుతుంది, లెక్క సరిపోతుంది. తొందరలో ఈ అడ్డగీతను మరిచిపోతేనే ఇబ్బంది.

కటి ముందుకో వెనక్కో వాలినా, కుడికో ఎడమకో తిరిగినా నీడ మారుతుంది. గిన్నె ముందు అంచు, వెనక అంచు నీడలు ఒకదాన్నొకటి దాటినట్టు కనిపిస్తాయి. గిన్నె వెనక్కి తిరిగి ఉందన్న అనుమానం వస్తుంది. మనిషి సరిగ్గా పడుకుంటే ఆ అనుమానానికి చోటే లేకపోవచ్చు. అందుకే అనుభవమున్న డాక్టర్లు కోణం కొలవడానికి ముందు ఫిల్మును పరీక్షిస్తారు. వెన్నెముక చివరి తోక ఎముక, ముందున్న జఘనాస్థి కీలు ఒకే నిలువు వరసలో ఉన్నాయా? రెండింటి మధ్య దూరం సుమారు 1 నుంచి 3 సెంటీమీటర్లు ఉందా? కింద రెండు వైపులా కనిపించే గుండ్రటి ఖాళీలు ఒకే సైజులో ఉన్నాయా? ఇవి లేకపోతే ఆ ఫిల్ము మీద కోణం కొలవడం వంకర బల్ల మీద తూకం వేసినట్టే.

నిలబెట్టి తీసిన ఎక్స్‌రేకీ పడుకోబెట్టి తీసినదానికీ కూడా తేడా ఉంటుంది. చాలామందిలో నిలబడగానే కటి వాలు మారుతుంది. పోయినసారి పడుకోబెట్టి, ఈసారి నిలబెట్టి తీసి, రెండు అంకెలను పక్కపక్కన పెట్టి 'పెరిగింది, తగ్గింది' అనుకోవడం సరికాదు.

నీడలో పడని భాగం

ఇంకో పరిమితి కూడా ఉంది. గిన్నె నాలుగు వైపులా ఉన్న వస్తువు. మామూలు ఎక్స్‌రే దాన్ని ఎదురునుంచి చూసిన నీడ మాత్రమే. గొడుగు వేసుకున్న మనిషిని ఎదురుగా ఫొటో తీస్తే భుజాలు తడుస్తున్నాయో లేదో తెలుస్తుంది. ముందు, వెనక ఎంత తడుస్తున్నాడో తెలియదు. అలాగే విబెర్గ్ కోణం పక్కచూరు సంగతే చెబుతుంది. పక్కన 27 డిగ్రీలు ఉండి, ముందువైపు చూరు పొట్టిగా ఉన్నవాళ్లుంటారు. అంకె బాగుంది, నొప్పి మాత్రం తగ్గడం లేదు అని తిరిగేవాళ్లలో కొందరి సమస్య ఇదే కావచ్చు.

తొడ ఎముక మెలి, కీలు చుట్టూ ఉన్న నరాలు, కండరాల బిగువు, ఒళ్లు సాగే తత్వం ఇవన్నీ కూడా కీలు నిలకడను నిర్ణయిస్తాయి. వీటిలో ఏదీ ఆ ఒక్క కోణంలో లేదు.

ఒకే ఫిల్ము, వేరువేరు కళ్లు

ఈ మాటలు ఎవరో రోగులు అనుమానంతో అన్నవి కావు. డాక్టర్లే తమను తాము పరీక్షించుకున్నారు. పెద్దవాళ్లలో తుంటి లోపాన్ని అంచనా వేసే ఎక్స్‌రే కొలతలు ఎంత నమ్మదగినవో పరిశీలిస్తూ జర్మనీలోని ఉల్మ్ నగర డాక్టర్లు 1999లో బ్రిటన్ రేడియాలజీ పత్రికలో వ్యాసం ప్రచురించారు. 2009లో అమెరికాలో తుంటి నిపుణులు ఒకే ఫిల్ములను, ఎవరివో తెలియకుండా, విడివిడిగా చూశారు. కొంత వ్యవధి తర్వాత మళ్లీ చూశారు. తుంటి ఎక్స్‌రే పరీక్షకు ఉన్న నమ్మకం పరిమితమే అన్నది ఆ వ్యాసానికి పెట్టిన పేరులోనే ఉంది.

ఇలాంటి పరిశీలనలన్నీ కలిపి చూస్తే రెండు విషయాలు తేలతాయి. ఒకే డాక్టరు ఒకే ఫిల్మును రెండుసార్లు కొలిస్తే వచ్చే తేడా కంటే, ఇద్దరు డాక్టర్లు కొలిస్తే వచ్చే తేడా సాధారణంగా ఎక్కువ. రెండోది, గీతలు గీసి కొలిచే కోణాల్లో ఏకాభిప్రాయం ఎక్కువ, 'బంతి గుండ్రంగా ఉందా లేదా', 'కీలు సరిగ్గా అమరిందా లేదా' లాంటి కంటిచూపు తీర్పుల్లో తక్కువ. కోణం దండగ అనడానికి లేదు, మిగతావాటికంటే అదే నయం. కానీ దానికీ మూడు నాలుగు డిగ్రీల ఊగిసలాట ఉంది. విబెర్గ్ వదిలిన అనుమానపు జాగా అయిదు డిగ్రీలే. చేతి తేడా, అనుమానపు జాగా దాదాపు ఒకే కొలతలో ఉన్నాయన్నమాట. 12 డిగ్రీలు వచ్చినవారికి, 35 వచ్చినవారికి ఈ గొడవ లేదు. ఎవరు కొలిచినా తీర్పు ఒక్కటే. చిక్కు 20కీ 27కీ మధ్య ఉన్నవాళ్లకే.

పసిపిల్లల విషయంలో

పిల్లల్లో కథ ఇంకాస్త సున్నితం. పుట్టినప్పుడు బంతి ఎముకగా గట్టిపడి ఉండదు, మెత్తగా ఉంటుంది. ఎక్స్‌రేలో కనిపించదు. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అందులో ఎముక చుక్క కనిపించడం మొదలవుతుంది. అందుకే మొదటి నెలల్లో ఎక్స్‌రే కంటే అల్ట్రాసౌండ్ స్కానింగ్ మేలు. ఆస్ట్రియా డాక్టరు రెయిన్‌హార్డ్ గ్రాఫ్ 1980లో ఈ పద్ధతి తెచ్చారు.

ఆ తర్వాత ఎక్స్‌రేలో చూసేది గిన్నె పైకప్పు వాలు. ప్రాగ్‌లో పనిచేసిన హిల్గెన్‌రైనర్ 1925లో దీనికి దారి చూపారు. సగటున పుట్టినప్పుడు సుమారు 27, 28 డిగ్రీలుండే ఈ వాలు, రెండేళ్లు వచ్చేసరికి 20కి దగ్గరగా దిగుతుంది. పెద్దల కోణానికి ఇది తలకిందులు. ఇక్కడ తగ్గితేనే మంచిది.

పసిపిల్లల్లో ఆ పైకప్పు గీత పొడవు రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంచు దగ్గర చుక్క ఒక్క మిల్లీమీటరు జరిగితే దాదాపు మూడు డిగ్రీలు మారుతుంది. పైగా బిడ్డ ఏడుస్తుంటుంది, కాళ్లు తన్నుతుంటుంది, అమ్మ ఒక పక్క, అమ్మమ్మ ఒక పక్క పట్టుకుంటారు. కటి కాస్త తిరగడం మామూలే.

అందువల్ల మూడు నెలల కిందట 29, ఇప్పుడు 27 అంటే బాగుపడిందని సంబరపడటానికి లేదు. 27 ఉన్నది 29 అయితే చేసిన వైద్యం పాడైందని బెంబేలెత్తనక్కరలేదు. రెండు డిగ్రీలు కొలతలోని ఊగిసలాటే కావచ్చు. మూడు నాలుగు ఫిల్ములను వరసగా పెట్టి, ఒకరే ఒకే పద్ధతిలో కొలిచి, దిగుతోందా లేదా అని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. బిడ్డ కాళ్లను నిటారుగా చాపి బిగించి చుట్టబెట్టడం గిన్నెకు మంచిది కాదన్నది మాత్రం అనుమానం లేని విషయం. మన ఇళ్లలో చంకనెత్తుకునే పద్ధతిలో కాళ్లు ఎడంగా ఉంటాయి, బంతి గిన్నెలో కుదురుగా కూర్చుంటుంది.

మరి కొలవడం దండగేనా?

ఎంతమాత్రం కాదు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలను తీసుకోండి. వాళ్లకు కండరాల బిగువు వల్ల బంతి నెమ్మదిగా గిన్నెలోంచి బయటికి జరుగుతుంది. బంతిలో ఎంత శాతం చూరు దాటి బయటికి వచ్చిందో లెక్కించే పద్ధతిని డెన్మార్క్‌కు చెందిన రైమర్స్ 1980లో ప్రచురించారు. ఈ శాతంలో కూడా కొలిచేవారిని బట్టి తేడాలొస్తాయి. అయినా స్వీడన్ దక్షిణ ప్రాంతంలో 1994 నుంచి ఈ పిల్లలందరికీ క్రమం తప్పకుండా ఎక్స్‌రే తీసి, ఒకే పద్ధతిలో కొలిచి, శాతం పెరుగుతున్న పిల్లలను ముందే పట్టుకుని వైద్యం చేశారు. తుంటి పూర్తిగా జారిపోవడం అక్కడ బాగా తగ్గింది.

కొలతలో లోపం ఉందని తెలిసి, దాన్ని లెక్కలోకి తీసుకుని, ఒకే తీరున పదేపదే కొలిచారు. అందుకే ఉపయోగపడింది. ఒకే ఒక్క అంకెను నమ్ముకుని తీర్పు చెప్పడం వేరు, ఒకే పద్ధతిలో వరసగా వచ్చిన అంకెల తీరు చూడటం వేరు.

తొందరపడినా, ఆలస్యం చేసినా

ఈ జాగ్రత్త ఎందుకంటే రెండు వైపులా నష్టం ఉంది. చూరు నిజంగా పొట్టిగా ఉన్న యువతీయువకులకు చేసే పెద్ద ఆపరేషన్‌ను స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో డాక్టర్ రెయిన్‌హోల్డ్ గాంజ్ బృందం 1984లో మొదలుపెట్టింది. గిన్నె చుట్టూ కటి ఎముకను కోసి, గిన్నెను సరైన దిశకు తిప్పి, స్క్రూలతో బిగిస్తారు. సొంత కీలును ఏళ్ల తరబడి కాపాడే మంచి పద్ధతి. కానీ వారాల తరబడి కర్రలతో నడవాలి, నెలల తరబడి ఉద్యోగానికో చదువుకో దూరం కావాలి. ఏ పెద్ద ఆపరేషన్‌లోనైనా ఉండే ప్రమాదాలు ఇందులోనూ ఉంటాయి. అవసరం లేనివారికి చేస్తే అన్యాయం.

అవసరమైనవారికి '26 ఉంది, పర్వాలేదు' అని చెప్పి పంపేస్తే అదీ అన్యాయమే. నొప్పి మాత్రలతో ఏళ్లు గడిచి, మృదులాస్థి పూర్తిగా అరిగాక ఈ ఆపరేషన్ పనికిరాదు. అప్పుడు కీలు మార్పిడి ఒక్కటే దారి. చిన్న వయసులో మార్చిన కృత్రిమ కీలును జీవితంలో మళ్లీ మార్చాల్సి రావచ్చు.

కంప్యూటరు కొలిస్తే?

పాతరోజుల్లో ఫిల్మును వెలుగుపెట్టె మీద పెట్టి, పెన్సిలుతో గీసి, కోణమానినితో కొలిచేవారు. ఇప్పుడు చాలాచోట్ల తెర మీద మౌస్‌తో చుక్కలు పెడితే డిగ్రీలు అవే వస్తాయి. దశాంశ స్థానంతో సహా 23.4 అని వస్తుంది. ఆ దశాంశాన్ని చూసి మోసపోకూడదు. చుక్క పెట్టింది మనిషే. చుక్కలోనే నాలుగు డిగ్రీల అనుమానం ఉంటే, పాయింటు తర్వాతి అంకెకు అర్థం లేదు.

చుక్కలు కూడా తనే పెట్టే కృత్రిమ మేధ ప్రోగ్రాములు ఇప్పుడు వచ్చాయి. వాటికి అలసట లేదు, ఒకే ఫిల్ముకు ఎప్పుడూ ఒకే అంకె ఇస్తాయి. అది మేలే. కానీ అవి నేర్చుకున్నది మనుషులు పెట్టిన చుక్కల నుంచే. మనిషి ఒరిగి పడుకున్న ఫిల్ము ఇస్తే సరైన ఫిల్మును అవి పుట్టించలేవు. అనుమానం మిగిలినప్పుడు సీటీ స్కాన్ గిన్నె ఆకారాన్ని నాలుగు వైపులా చూపిస్తుంది, ఎంఆర్ఐ మృదులాస్థి, అంచు పట్టీల స్థితిని చూపిస్తుంది. సీటీలో రేడియేషన్ ఎక్కువ కాబట్టి అందరికీ అక్కరలేదు, ఆపరేషన్ ఆలోచన ఉన్నవారికే.

ఇంటివాళ్లు చేయగలిగింది

రెండు రిపోర్టుల్లో రెండు అంకెలొస్తే ఎవరో ఒకరు తప్పు చేశారని అనుకోకండి. ముందుగా అడగాల్సింది ఇది: 'డాక్టరుగారూ, రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవేనా?' తెల్లటి కనుబొమ వరకా, ఎముక కొస వరకా అన్నది తేలితే చాలాసార్లు తగువు అక్కడే తీరుతుంది.

అంకె మీద అనుమానం వస్తే వెంటనే కొత్త ఎక్స్‌రేకి పరుగెత్తనక్కరలేదు. ఉన్న ఫిల్ము సరిగ్గా తీసినదైతే దాన్నే మళ్లీ కొలవమని అడగండి, లేదా ఇంకొకరితో కొలిపించండి. ఫిల్ము వంకరగా ఉందని డాక్టరు చెబితేనే మళ్లీ తీయించండి. గర్భం ఉన్నా, ఉందేమోనన్న అనుమానమున్నా ఎక్స్‌రే గదిలోకి వెళ్లకముందే చెప్పండి.

పాత ఫిల్ములను పారేయకండి. వాటి వరసే అసలు సాక్ష్యం. బీరువా మీద ఎండ తగిలే చోట కాకుండా, మడత పడకుండా, తేదీ రాసి దాచండి. సీడీ ఇస్తే అదీ తీసుకోండి. అమెరికాలో ఉన్న డాక్టరు బంధువుకు చూపించాలని కిటికీకి ఫిల్ము ఆనించి ఫోనుతో ఫొటో తీసి పంపడం చాలా ఇళ్లలో జరిగేదే. ఫోను కాస్త ఏటవాలుగా పట్టుకున్నా ఫొటోలో కోణాలు మారిపోతాయి. అలాంటి ఫొటో మీద డిగ్రీలు కొలవమని ఎవరినీ అడగకండి. అసలు డిజిటల్ ఫైలు పంపండి.

అన్నిటికంటే ముఖ్యం, అంకెను ఒంటితో కలిపి చూడమనండి. నొప్పి ఎక్కడుంది, గజ్జల్లోనా, నడుములోనా? ఎంత దూరం నడిస్తే వస్తోంది? కుంటుతున్నారా? కాలు ఎంతవరకు తిరుగుతోంది? 22 డిగ్రీలుండి ఏ బాధా లేకుండా తిరిగేవారికి అంకె కోసం ఆపరేషన్ చేయరు. 26 ఉన్నా ఏడాదిగా గజ్జల్లో నొప్పితో కుంటుతున్న అమ్మాయిని అంకె చూసి పంపేయకూడదు. పసిబిడ్డ విషయంలో, గుడ్డ మార్చేటప్పుడు ఒక కాలు రెండోదానంత విచ్చుకోకపోయినా, ఒక కాలు పొట్టిగా కనిపించినా రిపోర్టు ఎలా ఉన్నా మళ్లీ డాక్టరుకు చూపించాలి.

23 డిగ్రీలు అని రాసిన కాగితం చేతికొస్తే దాన్ని '20కీ 27కీ మధ్య ఎక్కడో' అని చదువుకోండి. ఆ మధ్యలో మీ కీలు ఎక్కడుందో తేల్చాల్సింది ఒంటి మీద చెయ్యి వేసి, నడిపించి, పాత ఫిల్ములన్నీ వరసగా పెట్టి చూసే డాక్టరు. ఆ చూపించడానికి ఇంకో పూట పట్టినా, ఇంకో ఊరు వెళ్లాల్సి వచ్చినా వెనకాడకండి.